పన్నెండు పారల కామలు

పులివెందుల,
ఫిబ్రవరి 6.

మౌలాలి మామకు రజని దండాలు.

ఇక్కడ నేను బాగున్నాను, నా నలభై గొర్రెలు బాగున్నాయి. పారలే బాగాలేవు. అందుకే ఈ జాబు.

ఫోను చేద్దామనుకున్నాను గాని, నలభై ఏళ్లు కొలిమిలో సుత్తి మోత విన్న నీ చెవులకు ఫోను పనికిరాదు కదా. పోయినసారి నేను చెప్పిన దాంట్లో మీ అమ్మాయి ఫరహత్ నీకు సగం చేరవేసింది, నువ్వు చెప్పిన దాంట్లో నాకు పావు చేరవేసింది. కాగితమైతే మధ్యలో ఎవరూ తినరు.

మేము పన్నెండుమంది ఆడవాళ్లం అరటితోటలకు ఎరువు వేసే పని పట్టుకున్న సంగతి నీకు తెలుసు. గొర్రెల దొడ్లలోది తెచ్చి కుప్ప పోసి, మాగినాక చెట్టుచెట్టుకూ వేస్తాం. ఆ ఎరువు మామూలు పారకు లొంగదు, నాలుగు ఇనుప ముళ్లుండే ముళ్లపార కావాలి. బజారులో పన్నెండు కొన్నాం. నాలుగో రోజుకల్లా ముళ్లు ఒకచోట, చేత పట్టుకునే కట్టె కామ ఒకచోట. మాలో పెద్దామె గంగులమ్మత్త ఎత్తిన పార తల ఎరువుతో సహా ఎగిరిపోయి తోట యజమాని మోటారుసైకిలు సీటు మీద పడింది. మేమంతా నవ్వాం. ఆయన నవ్వలేదు.

ఆయన పేరు ఉదయ్ కుమార్. చిన్నవాడు, చెడ్డవాడు కాదు. రెండేళ్ల కిందట లోడరు బండితో ఎరువు వేయిస్తే అది డ్రిప్పు పైపులన్నీ చీల్చేసింది. అందుకే మమ్మల్ని పిలిచాడు. ఇప్పుడు సగం పొద్దు మేము ఊడిన తలలు బిగించుకోవడానికే సరిపోతోంది. మొన్న నన్ను పక్కకు పిలిచి చెప్పాడు.

"అక్కా, మార్చి ఇరవై లోపల రెండెకరాలు నాలుగు దినాల్లో ముగించి చూపించండి. మీ చేత గాకపోతే నేను లోడరునే పిలిపిస్తా. పైపులు పోతే పోనీ."

ఆయన తోట దోవలోనే మిగతా తోటలు నడుస్తాయి. ఇక్కడ పని పోతే పన్నెండుమందికీ అన్నిచోట్లా పోయినట్టే. కొండాపురం దిక్కు డ్యాము నీళ్ల ముంపులో ఊరు పోయి వచ్చినవాళ్లు ముగ్గురున్నారు మాలో. వాళ్లకు ఇది తప్ప వేరే దారి లేదు.

మేము జమ్మలమడుగులో ఉన్నప్పుడు మా నాయన జనార్దన్ గొడ్డలికి నువ్వు వేసిన కామ ఆయన ఉన్నన్నాళ్లూ కదలలేదు. ఈ పన్నెండు పారలకూ నువ్వే కామలు బిగించి ఇవ్వాలి. బస్సు కార్గోలో వేయమంటావా? జమ్మలమడుగు వచ్చి నేనే దించిపోనా?

నీ మాట కోసం చూస్తూ,
రజని.

*

జమ్మలమడుగు,
ఫిబ్రవరి 11.

రజనమ్మకు మౌలాలి దీవెనలు.

జాబు అందింది. పారలు పంపొద్దు. కొలిమి ఆర్పి రెండేళ్లయింది. గిరాకీ లేదమ్మా. జనం ప్లాస్టిక్ పిడి, రంగు పూసిన పార అడుగుతారు. నా పని ఎవరికీ అక్కర్లేదు. ఇనుము పెట్టి కొట్టే దాగలీ, సుత్తులూ పాత ఇనుముకు వేసేసి, ప్రొద్దుటూరులో తన ఇంటికి వచ్చేయమని ఫరహత్ పోరుతోంది. రంజాన్ పండగ అయినాక పోతాను. బజారులోనే కాస్త మంచివి చూసి కొనుక్కోండి.

ఊరికే అడుగుతున్నాను. మీ పారల్లో ఊడింది తోకా, విరిగింది కట్టెనా? పార వెనక సూదిగా ఉండేదాన్ని తోక అంటాం, అది జానెడు ఉందా, బెత్తెడేనా? కామ మొదట పొన్ను ఉందా? అంటే ఇనుప కట్టు. కామకు అది బిగుతుగా కూర్చుందా, గాజులాగా తిరుగుతోందా? తోక ఊడివచ్చిన బొక్కలో నల్లగా ఉందా, తెల్లగా ఉందా?

నాకు తెలిసి చేసేదేమీ లేదు. రాత్రి నిద్ర పట్టక అడుగుతున్నాను, అంతే.

మౌలాలి.

*

పులివెందుల,
ఫిబ్రవరి 16.

మౌలాలి మామకు,

గిరాకీ లేదన్న మనిషి ఇన్ని ప్రశ్నలు అడుగుతాడా? సరే, వరుసగా చెబుతాను. ఊడింది తోకే. అది జానెడు ఉంది. పొన్ను ఉంది గాని గంగులమ్మత్త దాన్ని వేలికి తొడుక్కుని చూపించింది, అంత వదులు. బొక్కలో తెల్లగా ఉంది.

ఆ జాబు అందరినీ కూర్చోబెట్టి చదివాను. నువ్వు బిగించవని అందరికీ తెలిసింది. గంగులమ్మత్త వెంటనే అందుకుంది.

"ఆయప్పకు కొలిమి ల్యాకపోతే పోనీ. నోరుంది గదా. ఎట్ల జెయ్యాల్నో చెప్పమను, మనమే జేస్తాం. కడుపులో పెట్టుకోని యాడికి పోతాడంట?"

నాకూ అదే సరిగ్గా ఉందనిపించింది. మామా, నువ్వు బిగించవద్దు. ఎట్లా బిగించాలో రాయి. నేను బిగిస్తాను. ఆడవాళ్లు కొలిమి దగ్గరికి రాకూడదంటావేమో. మాకు కొలిమి లేదు, అన్నం పొయ్యి ఉంది. దాని దగ్గరికి రావద్దని మమ్మల్ని ఇంతవరకు ఎవరూ అనలేదు.

ఇక ముప్పై మూడు రోజులున్నాయి.

రజని.

*

జమ్మలమడుగు,
ఫిబ్రవరి 21.

రజనమ్మకు,

గంగులమ్మ గారికి నా సలాములు. నలభై ఏళ్లలో నన్ను ఎవరూ నేర్పమని అడగలేదు, అడిగితే ఏం చెప్పాలో ఆలోచించుకోలేదు. మూడు కాగితాలు చించి ఇది నాలుగోది రాస్తున్నాను.

ముందు కట్టె. నల్లతుమ్మ అయితే మేలు, వేప పర్వాలేదు. ఏడాది పాటు నీడన ఆరి ఉండాలి. అమ్మేవాడు ఆరింది అనే చెబుతాడు, నమ్మొద్దు. చెంపకు ఆనించి చూడు. చల్లగా తగిలితే లోపల నీళ్లున్నట్టే. కట్టెలోని నార పోగు కామ పొడవునా ఈ కొస నుంచి ఆ కొసకు నడవాలి. మధ్యలో పక్కకు తప్పుకుంటే అక్కడే విరుగుతుంది.

పొన్ను ముందే ఎక్కించాలి. పాత నీళ్ల పైపు ముక్క రెండంగుళాలు కోయించు. కామ మొదలును పొన్ను కంటే వెంట్రుకంత లావుగా చెక్కి, పొన్నును వేడిచేసి తొడుగు. చల్లారేసరికి అదే కరిచి పట్టుకుంటుంది. పొన్ను లేకుండా తోక దించితే కామ చీలుతుంది.

తర్వాత బొక్క. తోక కంటే సన్నగా, దాని పొడవులో మూడొంతులే తొలవాలి. ఇప్పుడు తోకను నిప్పుల్లో పెట్టు. ఎర్రగా మెరవకూడదు, కుంకుడుకాయ రంగు రాగానే తీసి, బొక్కలో నిటారుగా దించు. పొగ వస్తుంది, భయపడొద్దు. తన చోటు తనే కాల్చుకుంటుంది. వెంటనే లాగేసి మసి దులుపు. తోక చల్లారినాక మళ్లీ దించు. అందుకే నేను బొక్క నల్లగా ఉందా అని అడిగింది. మీ బజారు పారకు తోకను కాల్చి దించలేదు, సుత్తితో కొట్టి కూర్చోబెట్టారు.

ఆఖరి దెబ్బ అందరూ తప్పు కొడతారు. పార తలను కొట్టొద్దు. కామను నిలువుగా పట్టుకో, తల కిందికి వేలాడనీ, పైనున్న కామ కొస మీద చెక్క సుత్తితో కొట్టు. దెబ్బదెబ్బకూ తల తనంతట తానే పైకి ఎక్కుతుంది.

కామ పొడవు మనిషిని బట్టి. కాళ్లు నేలమీద ఆనించి నిలబెట్టి, నేల నుంచి చంక దాకా దారం పట్టి కొలువు. పన్నెండుమందికి పన్నెండు దారాలు.

వారానికి పన్నెండు బిగిస్తే గొప్పే. తొందరపడొద్దు.

మౌలాలి.

*

పులివెందుల,
మార్చి 3.

మౌలాలి మామకు,

పన్నెండూ అయిపోయాయి. నీ జాబును పొయ్యి పక్కన గోడకు అతికించి, ఒక్కో వాక్యం చదువుతూ ఒక్కో పని చేశాం. మొదటి తోక దించినప్పుడు వచ్చిన పొగకు వీధిలో వాళ్లు బిందెలతో పరుగెత్తుకొచ్చారు. రెండు చేతులు కాలాయి, రెండూ నావే. మూడు కామలు చీలాయి, మళ్లీ చేశాం.

దారాల కొలత దగ్గర గంగులమ్మత్త ఒప్పుకోలేదు. తను మనిషి పొట్టి. కొలిచేటప్పుడు ముని వేళ్ల మీద లేచి నిలబడింది. అత్తా, మడమలు దించు అంటే, "నేను ఎప్పుడూ ఇట్లే నిలబడతా" అంది. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఇప్పుడు పార ఎత్తినప్పుడల్లా కామ కొస ఆమె దవడకు తగులుతోంది. అయినా కోయనివ్వదు.

ఒక మంచి ఉపాయం కూడా చేశాను. రెండు పారలు కాస్త కదిలినట్టు అనిపిస్తే, పన్నెండింటినీ రాత్రంతా గొర్రెల నీళ్ల తొట్టిలో ముంచి పెట్టాను. మా నాయన తన గొడ్డలిని అప్పుడప్పుడు అట్లాగే నానబెట్టేవాడు. పొద్దున తీస్తే రాయి మాదిరి బిగుసుకున్నాయి. ఇద్దరు లాగినా రాలేదు. ఇక లోడరు సంగతి మరిచిపోవచ్చు.

ఇంకో మాట నీకు చెప్పకుండా దాచాను. ఇప్పుడు పని అయింది కాబట్టి చెబుతాను. గడువు మాట్లాడిన రోజే ఉదయ్ కుమార్‌తో, జమ్మలమడుగు మౌలాలి మామ బిగించి ఇస్తాడు అని నీ పేరు చెప్పాను. ఆయనకు నువ్వెవరో తెలుసు. వాళ్ల తాత పారలన్నీ నీ దగ్గరివేనంట. ఆ పేరు మీదే మార్చి ఇరవై దాకా ఆగాడు.

మార్చి 6.

పై జాబు పోస్టు చేయకుండా ఉంచుకోవడం మంచిదైంది. మూడు ఎండలకు ఏడు పారలు ఊడిపోయాయి. మిగిలిన ఐదు చేతిలోనే తిరుగుతున్నాయి. మళ్లీ నీళ్లలో వేశాను, బిగిశాయి, మరుసటి రోజు మధ్యాహ్నానికి మునుపటికంటే వదులయ్యాయి. కోత మిషను దగ్గర కొన్న తుమ్మ ఆరిందే అన్నాడు అమ్మినవాడు. చెంపకు ఆనించాను, చల్లగానే తగిలింది. పొద్దున పూట కదా, చలికి అట్లా ఉందేమో అనుకున్నాను.

అందరూ నా వైపే చూస్తున్నారు. పద్నాలుగు రోజులున్నాయి. నీ పేరు కూడా వాడుకున్నాను. నాకు భయంగా ఉంది మామా.

రజని.

*

జమ్మలమడుగు,
మార్చి 9.

రజనీ,

నీళ్లలో వేశావా?

ఈ జిల్లా అంతా చేసే తప్పు ఇదొక్కటే, దీన్ని మాన్పించడానికి నేను నలభై ఏళ్లు అరిచాను. నీ జాబులో చదివి మళ్లీ అరిచాను, పక్కింట్లో మేక తాడు తెంపుకుంది. కట్టె తాగి ఉబ్బుతుంది. పొన్ను దాన్ని ఉబ్బనివ్వదు. ఎటూ పోలేక లోపలి పోగు నలిగిపోతుంది. ఎండకు ఆరినాక అంతకు ముందున్నంత కూడా ఉండదు. ఎన్నిసార్లు ముంచితే అంత పాడు. ఇల్లు అలకగానే పండగ అయిపోయిందనుకున్నావు. మీ నాయన గొడ్డలి కదలలేదంటే అది నీళ్ల వల్ల కాదు. మీరు ఇక్కడ ఉన్నన్నాళ్లూ ఆయనకు తెలియకుండా ఏడాదికోసారి తీసుకుపోయి నేను సరిచేసి పెట్టేవాణ్ణి.

తిట్టడం అయింది. ఇప్పుడు నా సంగతి విను.

నా పేరు చెప్పావని నాకు కోపం రాలేదు. చదవగానే చేయి చూసుకున్నాను. గిరాకీ లేదని నీకు అబద్ధం రాశాను. రెండేళ్లుగా నా కుడిచేతి మూడు వేళ్లు ముడుచుకోవు. సుత్తి పట్టుకుంటే జారిపోతుంది. ఒకరోజు జారి కాలు మీద పడింది, ఆ రోజే కొలిమి ఆర్పేశాను. అడిగినవాళ్లకు జనం రావడం లేదని చెప్పాను. ఆడలేక మద్దెల ఓడన్నాను. ఫరహత్‌కు తప్ప ఇది ఎవరికీ తెలియదు. నువ్వు రెండు చేతులు కాల్చుకుని కూడా దాచకుండా రాశావు. నాకు సిగ్గేసింది.

మూడేళ్ల కిందట గాలివానకు పెన్న ఒడ్డున పెద్ద నల్లతుమ్మ పడిపోతే కొనుక్కుని, కామలకు చీల్చి అటక మీద పెట్టాను. అవి ఆరే లోపల నా చేయి పోయింది. పద్నాలుగు ఉన్నాయి. పోయిన పండక్కు ఫరహత్ వాటిని బిర్యానీ పొయ్యిలో పెడతానంది. నేను అన్నం మానేస్తానన్నాను. ఎవరి కోసం దాచానో నాకే తెలియదు. ఈరోజు కార్గోలో వేయించాను, ఎల్లుండికి అందుతాయి. నా పట్టకారు కూడా అందులో ఉంది.

చెక్కినవి కావు, గాజుపెంకుతో గీకి నున్నగా చేసుకో. మధ్యాహ్నం ఎండలో చెంపకు ఆనించి చూడు. అప్పుడు నీకు ఆరిన కట్టె అంటే తెలుస్తుంది. మిగతా పనంతా నువ్వు సరిగ్గానే చేశావు. ఏడు ఊడాయి గాని, మొదటి మూడు తప్ప మళ్లీ ఒక్కటీ చీలలేదు చూడు. అది చిన్న పని కాదు.

ఉపవాసాలు మొదలవుతున్నాయి. మీ పన్నెండుమంది కోసం దువా చేస్తాను.

మౌలాలి మామ.

*

పులివెందుల,
మార్చి 22.

మామా,

ఊడలేదు.

ముందు ఆ మాట రాసి, తర్వాత మిగతాది రాద్దామనుకున్నాను. పన్నెండు పారలు, నాలుగు రోజులు, రెండెకరాలు. ఒక్కటీ ఊడలేదు.

నీ కామలు వచ్చిన రోజు మధ్యాహ్నం అందరం ఎండలో కూర్చుని తలొకటి చెంపకు ఆనించుకున్నాం. వెచ్చగా, గొర్రెపిల్ల ఒళ్లు మాదిరి ఉంది. దోవన పోయేవాళ్లు మాకేమో అయిందనుకున్నారు. ఐదు రోజుల్లో పన్నెండూ బిగించాం. మిగిలిన రెండు కామలు దాచాను. గంగులమ్మత్తను ఈసారి గోడకు ఆనించి, ఇద్దరు మడమల మీద చేతులు పెట్టి కూర్చుంటే నేను దారం పట్టాను. కామ బెత్తెడు తగ్గింది. మొదటి రోజు పని అయ్యాక నా దగ్గరికి వచ్చి, "దవడ నొప్పి తగ్గింది, నీకు చెప్పేది ల్యాదనుకున్నా" అని పోయింది.

పదహారున తోటలోకి దిగాం. మొదటి రోజు అందరి చెవులూ పొన్నుల మీదే. రెండో రోజు ఒకటి రవ్వంత కదిలింది. గట్టు మీద నిలబడి, తల కిందికి వేలాడదీసి, కామ కొస మీద నాలుగు దెబ్బలు వేశాను. ఎక్కి కూర్చుంది. అప్పుడే ఉదయ్ కుమార్ వెనక నిలబడి ఉన్నాడు. ఏం జేస్తాండావు అక్కా అని అడిగాడు. బిగిస్తాండా అన్నాను.

మూడో రోజు నుంచి పాటలు మొదలయ్యాయి. పందొమ్మిదో తేదీ నాలుగున్నరకు ఆఖరి చెట్టు అయింది. ఆయన రెండెకరాలూ తిరిగి ఒక్క పైపూ తెగలేదని చూసుకున్నాడు. తర్వాత నా పార తీసుకుని, రెండు కాళ్లతో ముళ్లు తొక్కిపట్టి కామ పీకబోయి వెల్లకిలా పడ్డాడు. ఈసారి ఆయన కూడా నవ్వాడు.

మిగతా ఎనిమిదెకరాలు మాకే ఇచ్చాడు. లోడరు మాట మళ్లీ ఎత్తలేదు. పక్క తోట ఆయన కూడా వచ్చి అడిగిపోయాడు. అయితే ఉదయ్ కుమార్ చివర్లో, మౌలాలి పనితనం పోలేదు అన్నాడు. నేను అబద్ధం ఆడలేకపోయాను. బిగించింది నేనని, నేర్పింది నువ్వని చెప్పాను. పారను ఒకసారి తిప్పి చూసి, తనకు ఆరు పారలు బిగించి పెట్టమని అడిగాడు.

ఇంటికి వచ్చి ఏడ్చాను మామా. ఎందుకో తెలియదు. దుఃఖం మాత్రం కాదు.

నీ రజని.

*

పులివెందుల,
ఏప్రిల్ 12.

మామకు పండగ దండాలు.

నువ్వు పండగకు ముందే ప్రొద్దుటూరు చేరావని ఫరహత్ చెప్పింది. ఈ జాబుతో పాటు ఒక పార పంపుతున్నాను. దాచిన రెండు కామల్లో ఒకటి దీనికి వేశాను. నువ్వు చూసి తప్పులు చెప్పాలి. మొహమాటం వద్దు, నేను చెల్లించే గురుదక్షిణ కూడా కాదు. పరీక్ష అనుకో.

నీ కొలత నా దగ్గర లేదు. ఫరహత్‌కు చెబితే నువ్వు నమాజుకు నిలబడినప్పుడు వెనక నుంచి దారం పట్టి పంపింది. కోప్పడవద్దు.

రజని.

*

ప్రొద్దుటూరు,
ఏప్రిల్ 18.

రజనమ్మకు,

పార అందింది. తప్పులు చూడమన్నావు కాబట్టి కళ్లద్దాలు పెట్టుకుని ఒక పూటంతా చూశాను. పొన్ను అంచు ఒకచోట ఆకురాయి పట్టలేదు, వేలికి గీసుకుంటుంది. అదొక్కటే. తోకను పీకమని ఫరహత్ మొగుడికి చెప్పాను, అతనివల్ల కాలేదు. ఇద్దరం కలిసి పీకినా కాలేదు. ఓడిపోయి ఇంత సంతోషపడింది నేనొక్కణ్ణేనేమో.

ఇక కామ పైకొసకు అడ్డంగా నువ్వు వేసిన పిడి సంగతి. మొదట అదేమిటో అర్థం కాక నవ్వాను. నలభై ఏళ్లలో నేను ఏ కామకూ అడ్డపిడి వేయలేదు, నీకు నేర్పలేదు. కామలన్నీ గుండ్రంగా ఉంటాయి, వేళ్లు ముడిచి పట్టుకోవాలి. ఇది అట్లా కాదు. అరచేయి ఆనించి ఒత్తితే చాలు, వేళ్లతో పనే లేదు. ఆ సంగతి నాకు చూస్తే తెలియలేదు. పట్టుకుంటే తెలిసింది.

ఇక్కడ పెరట్లో ఫరహత్ మేకల ఎరువు ఒక కుప్ప ఉంది. కూలీ మనిషిని పిలుస్తామని నెల నుంచి అనుకుంటున్నారు. ఎవరికీ చెప్పకుండా పొద్దున్నే పోయి మొదలుపెట్టాను. కుడి అరచేయి అడ్డపిడి మీద, ఎడమచేయి కింద. ముళ్లు దిగాయి. ఎత్తాను. జారలేదు. మళ్లీ ఎత్తాను. పదకొండు బుట్టలు అయ్యేసరికి ఫరహత్ లేచి వచ్చి, "అబ్బా, ఏం జేస్తాండావు" అంది. చేసేది చూపించాను. ఆ పిల్ల అక్కడే మేకల మధ్య కూర్చుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను, నీకు దాచడమెందుకు.

ఇన్నేళ్లు కామ చెడితే కామను మార్చాను. చేయి చెడిన మనిషికి తగ్గట్టు కామను మార్చవచ్చని నాకు ఒక్కసారి కూడా తోచలేదు. చేయి పోయింది కాబట్టి పనీ పోయిందనుకుని కొలిమి ఆర్పుకుని కూర్చున్నాను.

దాగలిని పాత ఇనుముకు వేయడం లేదు. పెద్దముడియంలో నా పాత గిరాకీ ఒకాయన ఉన్నాడు. పక్షవాతం వచ్చి ఏడాదిగా తోట వైపు పోవడం లేదు. ఆయనకు ఒకటి ఇట్లాంటిది చేసి ఇవ్వాలని ఉంది. సుత్తికి కూడా అడ్డపిడి వేసుకుంటే దెబ్బ పడుతుందేమో చూడాలి. పడకపోతే ఫరహత్ కొడుతుంది, నేను చూపిస్తాను.

కాకపోతే ఒక చిక్కుంది. ఆ పిడిని కామలోకి ఎట్లా దించావో నాకు తెలియడం లేదు. విప్పి చూద్దామంటే నువ్వు బిగించింది ఊడదు. బొక్క ఎంత తొలిచావు, లోపల చెక్కముక్క ఏదైనా కొట్టావా, ముందు ఏది, తర్వాత ఏది, అంతా వివరంగా రాయి. తొందరపడి రాయొద్దు. నేను గోడకు అతికించుకుని నేర్చుకుంటాను.

మౌలాలి.